ఆరు నాటకాలు, అయిదుగురు మనుషులు: ఒక నాటక సమాజం నలభయ్యో ఏడాది కేస్ స్టడీ

ఈ కేసులో సమాజం పేరు, ఊరు, నాటకాల పేర్లు, మనుషుల పేర్లు అన్నీ తీసేసాను, గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. నా పని అమెచ్యూర్ నాటక సమాజాలకి ప్రొడక్షన్ వైపు సాయం చెయ్యడం, అంటే షెడ్యూల్, స్టేజ్ మేనేజ్‌మెంట్, టెక్నికల్ రిహార్సల్స్ (లైట్లు, సౌండ్ కలిపి చూసుకునే రిహార్సల్స్) లాంటివి. డైరెక్షన్ జోలికి పోను, నాటకం బాగుందా బాలేదా అని ఎవరైనా అడిగినా తప్పించుకుంటాను. ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే వార్షికోత్సవం అనగానే చాలా సమాజాలు అచ్చం ఇలాగే ప్లాన్ వేస్తాయి, ఇలాగే ఇరుక్కుంటాయి, ఇరుక్కున్నాక కారణం ఇంకెక్కడో వెతుక్కుంటాయి.

నేపథ్యం

నలభై ఏళ్ళు నిండబోతున్న సమాజం. అందరూ పగలు ఉద్యోగాలో వ్యాపారాలో చేసుకుని సాయంత్రాలు రిహార్సల్‌కి వచ్చేవాళ్ళే, జీతం తీసుకునే మనిషి ఒక్కరూ లేరు. సొంత హాలు లేదు, అద్దె హాలే, ప్రదర్శనకి మూడు రోజుల ముందు మాత్రమే స్టేజ్ చేతికొస్తుంది, సెట్ ఎక్కించడం, లైట్లు కట్టడం, టెక్నికల్ రిహార్సల్, డ్రెస్ రిహార్సల్ అన్నీ ఆ మూడు రోజుల్లోనే కానిచ్చేయాలి. మామూలుగా ఏడాదికి రెండు నాటకాలు వేసేవాళ్ళు, ఆ రెండూ శుభ్రంగా వేసేవాళ్ళు, ఎవరికీ ఏ గొడవా లేదు.

నలభయ్యో ఏడాదికి మాత్రం పది నెలల్లో ఆరు నాటకాలు అని కమిటీ తీర్మానం చేసేసింది. ఆరే ఎందుకు అని అడిగాను. సమాజం మొదటి రోజుల నుంచి ఉన్న డైరెక్టర్లు ఆరుగురు ఉన్నారట, తలా ఒక నాటకం. "ఎవరికిచ్చి ఎవర్ని ఆపుతాం సార్, అందరూ మా పెద్దవాళ్ళే" అన్నారు సెక్రటరీ గారు. దీన్ని నేను తీసిపారేయను. జీతాల్లేని చోట మర్యాదే జీతం, దాన్ని పంచడంలో తేడా వస్తే సమాజమే చీలిపోతుంది, అలా చీలిపోయినవి చూసాను కూడా. కాకపోతే ఆరు అనే అంకె మనుషుల మర్యాద లెక్కలోంచి వచ్చింది గానీ పని లెక్కలోంచి రాలేదు అన్నది మొదటి నుంచీ మనసులో పెట్టుకోవాల్సి వచ్చింది.

నాటకానికీ నాటకానికీ మధ్య సుమారు ఎనిమిది వారాలు. కాగితం మీద హాయిగానే ఉంది. కానీ వీళ్ళు వారానికి మూడు సాయంత్రాలే కలుస్తారు కాబట్టి ఒక్కో నాటకానికి పది పన్నెండు వారాల రిహార్సల్ పడుతుంది, అంటే ఒకటో నాటకం తెర లేచేసరికే రెండోది రిహార్సల్స్‌లో ఉంటుంది, మూడోదానికి ఆడిషన్స్ మాటలు నడుస్తుంటాయి. యాక్టర్లకి దీంతో ఇబ్బందేం లేదు, ఇందులో వేసినవాళ్ళు అందులో వెయ్యరు.

వాళ్ళు చెప్పిన సమస్య

రెండో నాటకం అయిపోయాక నన్ను పిలిచారు. వాళ్ళ ఫిర్యాదు మూడు ముక్కల్లో ఉంది. రెండో నాటకానికి జనం సగానికి పడిపోయారు, మూడోదానికి జనాల్లో ఊపు లేదు, షోలో టెక్నికల్ తప్పులు ఎక్కువైపోతున్నాయి. పబ్లిసిటీ గట్టిగా చేసే మనిషిని, ఒక మంచి సౌండ్ ఆపరేటర్‌ని చూసిపెట్టండి చాలు అన్నారు.

రెండో నాటకం ఆఖరి షో నేను ప్రేక్షకుల్లో కూర్చుని చూసాను. రెండో అంకంలో తండ్రి పాత్ర ఒక్కడే గదిలో ఉంటాడు, ఫోన్ మోగుతుంది, ఏం వార్త వినాల్సొస్తుందో అని భయపడుతూ వెళ్ళి రిసీవర్ ఎత్తాలి. ఎత్తాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. హాల్లో ఒకళ్ళు కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. ఆ నటుడు అనుభవం ఉన్నవాడు కాబట్టి రిసీవర్ మెల్లగా పెట్టేసి, ఎత్తడానికి ధైర్యం చాలనట్టు చెయ్యి దాని మీదే ఉంచి నిలబడ్డాడు, మోత ఆగాక మళ్ళీ ఎత్తాడు. సీన్ దక్కింది గానీ ఆ అంకంలో రావాల్సిన బరువు మళ్ళీ రాలేదు.

షో అయ్యాక గ్రీన్‌రూమ్‌లో అందరూ సౌండ్ కుర్రాడి మీద పడ్డారు. నేను అతన్ని పక్కకి తీసుకెళ్ళి ఆ రెండు నిమిషాలూ ఏం చేసావో వరసగా చెప్పమన్నాను. ల్యాప్‌టాప్ కుడి వింగ్‌లో, అంటే స్టేజ్ పక్కన ప్రేక్షకులకి కనపడని చోట ఉంది. ఫోన్ రింగ్ లూప్‌లో పెట్టి నొక్కేసి, వెనక పరదా వెంబడి నడిచి ఎడమ వింగ్‌కి వెళ్ళి, తర్వాత ఎంట్రీ ఇచ్చే అమ్మాయి చేతికి సూట్‌కేసు అందించి, మళ్ళీ వెనక నుంచే వచ్చి రింగ్ ఆపాలి. అంతకుముందు షోలలో సరిపోయింది, ఆ రోజు ఫ్లాట్‌కి (సెట్‌లో గోడలా నిలబెట్టే చట్రానికి) ఆనించిన ఊతకర్ర దారికి అడ్డంగా ఉంది, చీకట్లో చూసుకుంటూ దాటేసరికి ఆలస్యమైంది. అతనే సౌండు, అతనే ప్రాపర్టీసు, అంటే నాటకంలో వాడే వస్తువులు చూసేవాడు. ఆ సూట్‌కేసు అందించే మనిషి ఇంకొకరు ఉంటే అతన్ని ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. ఇంకో సౌండ్ ఆపరేటర్‌ని తెచ్చినా ఇదే జరిగేది, ఎందుకంటే అతనికీ సూట్‌కేసు పని అంటగట్టేవాళ్ళు.

మూలం వెతకడం

అందుకని పబ్లిసిటీ సంగతి పక్కన పెట్టి, గత కొన్నేళ్ళ నాటకాల బ్రోచర్లు ఇమ్మన్నాను. అమెచ్యూర్ బ్రోచర్‌లో ముందు పేజీలు నటుల ఫొటోలతో నిండిపోతాయి, తెర వెనక మనుషుల పేర్లు ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి, నాకు కావాల్సింది ఆ ఆఖరి పేజీ. పెద్ద చార్టు మీద అడ్డంగా నాటకాలు, నిలువుగా మనుషులు రాసి ఎవరు దేంట్లో ఏ పని చేసారో చుక్కలు పెట్టించాను, సెక్రటరీ గారి చేతే పెట్టించాను, నేను చెప్తే అభిప్రాయం అవుతుంది, ఆయన చేత్తో ఆయన పెడితే లెక్క అవుతుంది.

నటుల వైపు చుక్కలు చల్లినట్టు పడ్డాయి, ఒక్కొక్కరికి ఒకటో రెండో. తెర వెనక వైపు అయిదు పేర్ల ఎదురుగా మాత్రం గళ్ళన్నీ నిండిపోయాయి. స్టేజ్ మేనేజర్ ఒకావిడ, లైటింగ్ ఆయన, సెట్ కట్టే వడ్రంగం వచ్చిన ఒక పెద్దాయన, మనం చెప్పుకున్న సౌండ్ కుర్రాడు, కాస్ట్యూమ్స్ చూసే ఆవిడ. ఏడాదికి రెండు నాటకాలప్పుడు ఇది ఎవరికీ కనపడలేదు, నాటకం అయ్యాక నెలల తరబడి ఊపిరి తీసుకునేవాళ్ళు. ఆరు అయ్యేసరికి ఒక నాటకం షోలు నడిపిస్తూనే స్టేజ్ మేనేజర్ పక్క గదిలో ఇంకో నాటకం బ్లాకింగ్ రాసుకుంటోంది. రిహార్సల్‌లో ఎవరు ఎటు నుంచి ఎటు కదిలారు, ఏ మాట మీద ఏ లైటు మారాలి అన్నీ ప్రాంప్ట్ బుక్‌లో ఎక్కించేది ఆవిడే, ఆవిడ లేని రిహార్సల్‌లో ఖాయం చేసిన కదలికలు వారం తిరిగేసరికి ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా గుర్తుంటాయి. మూడోదానికి ఊపు రాకపోవడానికి కారణం అదే, రిహార్సల్‌లో కుదిరింది మరుసటి రిహార్సల్‌కి నిలబడట్లేదు, నటులకి మళ్ళీ మొదటికొచ్చాం అనిపిస్తోంది.

జనం ఎందుకు తగ్గారు అనేదానికి కూడా జవాబు దగ్గరే ఉంది. ఇలాంటి సమాజాలకి టికెట్ కొనేవాళ్ళలో ఎక్కువమంది నటుల ఇంటివాళ్ళు, స్నేహితులు, ఆఫీసువాళ్ళు, పాత సభ్యులు. మొదటి నాటకం వార్షికోత్సవం అని అందరూ వచ్చేసారు. ఎనిమిది వారాలకే అదే జనాన్ని మళ్ళీ రమ్మంటే కొందరు వస్తారు, కొందరు తర్వాతదానికి చూద్దాంలే అనుకుంటారు, తర్వాతవి ఇంకా నాలుగు ఉన్నాయి కదా మరి. ఈ స్థితిలో పబ్లిసిటీ పెంచితే కొత్త ప్రేక్షకులు వచ్చి, మోగుతున్న ఫోన్ ఎత్తే సీను చూసి వెళ్తారు, వాళ్ళు ఇక మళ్ళీ రారు. అందుకే ముందు లోపల సర్దుకుందాం, మైకు తర్వాత అన్నాను. కమిటీలో అందరికీ ఇది నచ్చలేదు.

అప్పటికే చేసి చూసినవి

నేను రాకముందే వాళ్ళు ఊరుకోలేదు, చాలానే చేసారు. ఓపెన్ ఆడిషన్స్ పెట్టారు, కొత్తవాళ్ళు బాగానే వచ్చారు, వచ్చినవాళ్ళందరూ నటించడానికే వచ్చారు. వచ్చినవాళ్ళని కాదనలేక రెండో నాటకంలో గుంపు సీన్లు పెంచారు, దాంతో కాస్ట్యూమ్స్ ఆవిడ పని రెట్టింపయ్యింది. మనుషుల కొరత అని మనుషుల్ని తెస్తే కొరత ఇంకా పెరిగింది, ఎందుకంటే కొరత ఉన్న గది వేరు.

ఇంకోటి సీజన్ టికెట్. ఆరు నాటకాలకి కలిపి ముందే అమ్మేసారు. డబ్బు చేతికొచ్చింది బానే ఉంది గానీ ఇప్పుడు ఏదైనా నాటకం తగ్గిద్దాం అంటే "టికెట్ కొన్నవాళ్ళకి ఏం చెప్తాం" అనే గోడ ఎదురొస్తోంది. సీజన్ టికెట్ మంచిదే, ఖాయంగా వెయ్యగలిగే వాటికి మాత్రమే అమ్మాలి, ఇంకా రిహార్సల్ మొదలవ్వని నాలుగు నాటకాలకి అమ్మడం మాత్రం అప్పు చెయ్యడమే.

పని చెయ్యనివి

కమిటీ మొదటి ప్రతిపాదన మూడో నాటకాన్ని కొంచెం వెనక్కి జరపడం. ఊపిరి దొరుకుతుంది కదా అని. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే మూడోది జరిపితే అది నాలుగోదాని టెక్నికల్ వారం మీదకి ఎక్కుతోంది, నాలుగోది కూడా జరుపుదాం అంటే హాలు ఖాళీ లేదు. ఆరు అలాగే ఉంచి తేదీలు ఎటు జరిపినా రద్దీ చోటు మారుతుంది తప్ప తగ్గదు. ఇది నేను నోటితో చెప్పకుండా కాగితం ముక్కల మీద నాటకాల పేర్లు రాసి క్యాలెండర్ మీద వాళ్ళనే జరపమన్నాను, అరగంట జరిపి వాళ్ళే వదిలేసారు.

రెండో ప్రతిపాదన అయిదుగురికీ ఒక్కో అసిస్టెంట్‌ని పెట్టడం. వినడానికి చాలా సబబుగా ఉంది, మూడో నాటకం రిహార్సల్స్‌లో చేసి చూసాం కూడా. కొత్తవాళ్ళు వచ్చారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు, కొన్ని వారాల్లో జారుకున్నారు. వాళ్ళ తప్పు లేదు. నేర్పించడం కూడా పనే, అప్పటికే తలమునకలుగా ఉన్న మనిషికి ఇంకో పని నెత్తిన పెట్టినట్టు అయ్యింది. లైటింగ్ ఆయన ఒకసారి విసుగ్గా "నీకు చెప్పేలోపు నేనే చేసేస్తా బాబూ, నువ్వు ఆ నిచ్చెన పట్టుకో" అన్నాడు, ఆ అబ్బాయి చాలా రాత్రులు నిచ్చెనే పట్టుకున్నాడు. పని మొత్తం ఒక మనిషి బుర్రలో ఉన్నంతకాలం పక్కన ఎవర్ని పెట్టినా వాళ్ళు నిచ్చెన పట్టుకునేవాళ్ళే అవుతారు. ఇది చూసాకే మనుషుల్ని పెంచే ముందు పనిని ముక్కలు చేసి కాగితం మీదకి తేవాలి అని ఖాయం అయ్యింది.

అసలు నిర్ణయం

మిగిలిన నాలుగు నాటకాలూ పూర్తిస్థాయిలో వెయ్యడం కుదరదు, ఇందులో అనుమానం లేదు. మరి ఎన్ని కుదురుతాయి? నటులు ఎంతమంది ఉన్నారు, డబ్బు ఎంత ఉంది అని చూడకుండా ఒకటే షరతు పెట్టాం, తెర వెనక పని చేసే ఏ మనిషికీ ఒక నాటకం టెక్నికల్ వారంలో ఇంకో నాటకం రిహార్సల్ ఉండకూడదు. ఆ అయిదుగురి తేదీలు ముందు క్యాలెండర్‌లో నింపి, మిగిలిన జాగాలో నాటకాలు పెడితే రెండే పట్టాయి. రెండు పూర్తి నాటకాలు. మిగతా రెండూ ఏం చెయ్యాలి?

రద్దు చేస్తే ఇద్దరు సీనియర్ డైరెక్టర్లకి అవమానం, టికెట్ కొన్నవాళ్ళకి మాట తప్పడం. కాబట్టి వాటి రూపం మార్చాం. ఒకటి నాటక పఠనం, అంటే నటులు కుర్చీల్లో కూర్చుని స్క్రిప్ట్ చేతిలో పట్టుకుని చదవడం, సెట్ లేదు, కాస్ట్యూమ్స్ లేవు, ఒకే లైటింగ్. రెండోది పాత నాటకాల్లోంచి సీన్లు ఏరి పాత నటులతోనే వేయించే సాయంత్రం. రెండింటికీ తెర వెనక భారం చాలా తక్కువ. పఠనానికి రిహార్సల్స్ కూడా నాలుగైదు చాలు.

ఏది పఠనం అవ్వాలి అన్నది కష్టమైన ముక్క. నాటకాలు రెండూ చదివాను. ఒకదాంట్లో జనం, గొడవలు, పరుగులు, అది చదివితే చప్పగా ఉంటుంది. రెండోది నలుగురు మనుషులు, ఒకే గది, మొత్తం మాటల మీదే నడుస్తుంది, పైగా పాతికేళ్ళ క్రితం దాన్ని మొదటిసారి వేసిన నలుగురూ ఇంకా సభ్యులుగా ఉన్నారు. ఆ వయసులో స్టేజ్ మీద ఆ పాత్రలు వాళ్ళు వెయ్యలేరు, చదవగలరు. పఠనంలో మనిషి వయసు ప్రేక్షకుడికి కాసేపట్లోనే కనపడడం మానేస్తుంది. కాబట్టి తగ్గించినట్టు కాకుండా ఆ నలుగుర్నీ మళ్ళీ వినే ఒకే ఒక్క దారి ఇది అన్నట్టు ఆలోచించాం, అది నిజం కూడా.

డైరెక్టర్ గారికి చెప్పడానికి సెక్రటరీ గారితో పాటు నేనూ వెళ్ళాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మిగతావాళ్ళవి ఆడుకోడానికి, నాది చదువుకోడానికా?" అన్నారు. సెక్రటరీ గారు సర్దిచెప్పబోతే నేను ఆపి చార్టు చూపించాను, ఆయన అందులో స్టేజ్ మేనేజర్ పేరు ఎదురుగా ఉన్న చుక్కలు చూసి "ఈ పిల్ల ఇన్ని చేస్తోందా" అని అడిగారు. అప్పటికీ ఒప్పుకోలేదు. వారం తర్వాత ఫోన్ చేసి ఒక షరతు పెట్టారు, మధ్యలో వచ్చే రంగసూచనలు తనే చదవాలి, ఇంకెవరూ చదవకూడదు అని. వెంటనే సరే అన్నాం. నిజానికి పఠనంలో రంగసూచనలు చదివే గొంతే సెట్టు, లైటు అన్నీ, ఆయన ఎంచుకున్నది చిన్న పనేం కాదు. పఠనం బాగా జరిగింది, జరిగాక కూడా ఆయన "పూర్తిగా వేసి ఉంటే ఇంకా బాగుండేది" అనే అన్నారు. కావచ్చు.

సీజన్ టికెట్ కొన్నవాళ్ళకి ఏం మారింది, ఎందుకు మారింది అని సూటిగా రాసి పంపించాం, కావాలంటే రెండు నాటకాల డబ్బు తిరిగిస్తాం అని కూడా. అడిగినవాళ్ళు ఉన్నారు, ఇచ్చేసారు, కమిటీ భయపడినంత మంది లేరు.

హక్కుల సంగతి

ఇది చాలా సమాజాలు తేలిగ్గా తీసుకునే విషయం కాబట్టి కొంచెం చెప్తాను. పఠనమే కదా, నటన కాదు కదా, పర్మిషన్ ఎందుకు అన్నారు. జనం ముందు చదివినా అది ప్రదర్శనే, లైసెన్స్ కావాలి, టికెట్ పెట్టకపోయినా మామూలుగా కావాలి. రచయిత పోయాక ఎన్నేళ్ళు హక్కులుంటాయనేది దేశాన్ని బట్టి మారుతుంది, కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం కనీసం 50 ఏళ్ళు, చాలా దేశాల్లో 70. మిగిలిన రెండు పూర్తి నాటకాల్లో ఒకటి రష్యన్ రచయిత చెహోవ్‌ది. చెహోవ్ 1904లోనే పోయాడు, ఇంక హక్కులేంటి అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. రష్యన్ మూలానికి హక్కులు ఎప్పుడో అయిపోయాయి, వీళ్ళు వేస్తున్నది అనువాదం, అనువాదానికి అనువాదకుడి హక్కులు వేరేగా ఉంటాయి, ఈ అనువాదకుడు బతికే ఉన్నారు. అడిగితే సంతోషంగా ఇచ్చారు, నిడివి తగ్గించుకోవచ్చా అని కూడా అప్పుడే రాయించుకున్నాం, ఎందుకంటే ప్రదర్శన హక్కు ఇచ్చినంత మాత్రాన స్క్రిప్ట్ కోసుకునే హక్కు రాదు. వీడియో తియ్యడం మళ్ళీ వేరే హక్కు.

పాత సీన్ల సాయంత్రానికి ఇదే తలనొప్పి రెండింతలైంది, ప్రతి సీనుకీ వేరే రచయిత. ఒక రచయిత వారసులు ఎవరో ఎంత వెతికినా తేలలేదు. జనం ఆ సీనే అడుగుతున్నారు అని కమిటీలో గట్టిగా పట్టుబట్టారు గానీ, తేలనిది వెయ్యం అని ఆపేసాం.

పని ముక్కలు చెయ్యడం

పూర్తి నాటకాలు రెండే మిగిలాక అయిదుగురికీ కాస్త ఊపిరి వచ్చింది, ఆ ఊపిరిని వాళ్ళ బుర్రలో ఉన్నది కాగితం మీద పెట్టడానికి వాడుకున్నాం. ప్రాపర్టీస్‌తో మొదలుపెట్టాం, అన్నిటికంటే సులువు కాబట్టి. రెండు వింగుల్లో రెండు బల్లలు, వాటి మీద తెల్ల కాగితం పరిచి ప్రతి వస్తువు చుట్టూ మార్కర్‌తో గీత గీసి లోపల పేరు రాసారు, కళ్ళజోడు, ఉత్తరం, టీ ట్రే. షో మొదలయ్యే ముందు ఖాళీ గీత కనపడితే ఆ వస్తువు లేదన్నమాట, ఇది చెప్పడానికి అనుభవం అక్కర్లేదు. మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా ఆ బల్ల చూసుకోగలరు. నటులకి ఒక నియమం, వాడింది తెచ్చి దాని గీతలోనే పెట్టాలి, స్నేహితుడి చేతిలో పెట్టి పోకూడదు.

తర్వాత క్యూలు, అంటే ఏ లైటు, ఏ సౌండు ఎప్పుడు మారాలో చెప్పే సూచనలు. సౌండ్ కుర్రాడు అప్పటిదాకా "ఆ డైలాగ్ రాగానే నొక్కేస్తా" అన్న పద్ధతిలో ఉండేవాడు. లైట్లకి, సౌండ్లకి అన్నిటికీ నంబర్లు వేసి ప్రాంప్ట్ బుక్‌లో ఎక్కించి, స్టేజ్ మేనేజర్ ముందు "స్టాండ్‌బై" అని, తర్వాత "గో" అని చెప్పినప్పుడే నొక్కాలి అని మార్చాం. దీనికి అతను నొచ్చుకున్నాడు, నాకు నాటకం తెలీదా అన్నాడు. తెలుసు, రేపు నీకు జ్వరం వస్తే తెలియని మనిషి కూడా నడపగలగాలి, అందుకే అన్నాను. రిసీవర్ ఎత్తే క్షణంలో ఆపే క్యూకి కూడా ఒక నంబర్ ఉంటుంది అని చెప్పాక నవ్వాడు.

ఆ మూడు రోజుల స్టేజ్ టైమ్‌లో అతి పెద్ద ఆదా ఇక్కడే జరిగింది. ఇంతకుముందు స్టేజ్ ఎక్కాకే డైరెక్టరు, లైటింగ్ ఆయన కూర్చుని ఎక్కడ ఏ మార్పో మాట్లాడుకునేవాళ్ళు, నటులు మేకప్‌లో కునికిపాట్లు పడేవాళ్ళు. ఇప్పుడు వారం ముందే బల్ల దగ్గర కూర్చుని స్క్రిప్ట్ తిరగేస్తూ క్యూలన్నీ కాగితం మీద ఖాయం చేసుకుంటున్నారు, స్టేజ్ మీద మొదట నటులు లేకుండా క్యూలు, తర్వాత నటులతో క్యూ నుంచి క్యూకి దూకుతూ, ఆ తర్వాతే పూర్తి రన్.

లైటింగ్‌లో ఇంకో మార్పు. ఆయన ప్రతి నాటకానికీ మొత్తం కొత్తగా కట్టేవాడు, అందులో ఆయనకి ఆనందం ఉంది, నాకు అర్థమవుతుంది. మిగిలిన సీజన్‌కి ఒకే ప్లాన్ వేద్దాం అన్నాను. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో లైటింగ్ పాఠాలు చెప్పిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో రాసిన పద్ధతే ఇప్పటికీ పనికొస్తుంది, స్టేజ్‌ని కొన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి ముందు నుంచి రెండు పక్కల సుమారు 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు, ఒకటి వెచ్చటి రంగు, ఒకటి చల్లటి రంగు. ఈ పునాది అన్నిటికీ ఒకటే, నాటకాన్ని బట్టి ప్రత్యేకంగా కావాల్సినవి మూడో నాలుగో అదనం. దాని బొమ్మ గీసి, ఏ లైటుకి ఏ డీఎమ్‌ఎక్స్ అడ్రస్ (బోర్డు నుంచి ఆ లైటుని నడిపే నంబర్) అనేది జాబితా రాసి, లైటు మీద కూడా స్టిక్కర్ అంటించారు. ఆ జాబితా విలువ వెంటనే తెలిసింది. మూడో నాటకం టెక్నికల్ రోజున టేబుల్ లాంప్ క్యూ ఇస్తే దూరంగా మూలనున్న లైటు కూడా వెలుగుతోంది. అద్దెకి తెచ్చిన దాని అడ్రస్ లాంప్ అడ్రస్సే అయ్యి కూర్చుంది, ఒకే లైనులో 512 చానెళ్ళు ఉన్నా రెండిటికీ ఒకే నంబర్ ఇస్తే రెండూ కలిసే వెలుగుతాయి. ఇంతకుముందైతే నిచ్చెన వేసుకుని ఒక్కోటీ చూసుకుంటూ రాత్రి గడిచేది, ఇప్పుడు జాబితా చూసి నిచ్చెన పట్టుకునే అబ్బాయే కనిపెట్టాడు. ఆఖరి నాటకానికి లైట్ బోర్డు మీద కూర్చుంది అతనే.

ఈ ముక్కలు తయారయ్యాకే మనుషుల్ని అడిగాం. ఒక నాటకంలో వేషం వేసినవాళ్ళు ఇంకో దాంట్లో ఏదో ఒక తెర వెనక పని చెయ్యాలి అని కమిటీ నియమం పెట్టింది. గొణుగుడు వచ్చింది, సీనియర్ నటుల నుంచే ఎక్కువ. "తెర వెనక సాయం చెయ్యండి" అంటే ఎవరూ రారు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని పని అంటే అందరికీ భయం. "రెండు షోలకి ఎడమ వింగ్ బల్ల నీది" అంటే వస్తారు. వచ్చారు.

గాలా రాత్రి

పాత సీన్ల సాయంత్రానికి టికెట్లన్నీ అయిపోయి ఇంకా అడుగుతున్నారు. నడవాల్లో కుర్చీలు వేద్దాం, ఒక్క రోజే కదా అన్నారు పెద్దలు. ఇక్కడ మాత్రం నేను చర్చకి దిగలేదు. 1903 డిసెంబర్ 30న షికాగోలో ఇరాక్వా థియేటర్‌లో మంటలు లేచినప్పుడు హాలు కిక్కిరిసి ఉంది, దారుల్లో కూడా జనం నిలబడి ఉన్నారు, చాలా తలుపులు తాళాలేసి ఉన్నాయి, 600 మందికి పైగా పోయారు. లోపల నుంచి తోస్తే తెరుచుకునే పానిక్ బార్ తలుపులు ఆ తర్వాతే అమెరికాలో విరివిగా వాడుకలోకి వచ్చాయి. నడవా ఖాళీగా ఉండాల్సిందే. దానికి బదులు మర్నాడు మధ్యాహ్నం ఇంకో షో వేద్దాం అన్నాను, సెట్ లేదు కాబట్టి తెర వెనక భారం పెరగదు, వయసు పైబడ్డ ప్రేక్షకులకి రాత్రి కంటే మధ్యాహ్నమే వీలు. పూర్తి నాటకం అయ్యుంటే ఈ మాట అనలేకపోయేవాణ్ణి.

ఏం తేలింది

ఈ సర్దుబాట్ల తర్వాత వేసిన రెండు పూర్తి నాటకాలూ చెప్పుకోదగ్గ తప్పుల్లేకుండా నడిచాయి. ప్రేక్షకులు మొదటి నాటకం నాటి స్థాయికి రాలేదు, వస్తారని నేను చెప్పనూ లేదు, రెండోదాని కంటే మెరుగు. పబ్లిసిటీ ఆఖరి నాటకానికి మాత్రమే గట్టిగా చేసాం. స్టేజ్ మేనేజర్ ఆవిడ ఆఖరి నాటకం ప్రేక్షకుల్లో కూర్చుని చూసింది, తన ప్రాంప్ట్ బుక్ పద్ధతిలోనే ఇంకొకరు నడిపారు, మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళబోతే పక్కవాళ్ళు కూర్చోబెట్టారట.

కాస్ట్యూమ్స్ దగ్గర మాత్రం ఇదంతా పారలేదు. బల్ల మీద గీతలు గీసినట్టు ఆ పనిని ముక్కలు చెయ్యడం కుదరలేదు, నలభై ఏళ్ళ బట్టలు ఎక్కడ ఏది ఉంది, దేన్ని విప్పి దేనికి వాడొచ్చు, ఎవరి కొలత ఏంటి అన్నది ఆవిడ చేతుల్లో, కళ్ళలో ఉంది. కత్తిరించే, కుట్టే పనికి మనుషుల్ని ఇవ్వగలిగాం, ఆ తెలివిడిని పంచలేకపోయాం. సీజన్ అయిపోయాక ఆవిడ ఇక చాలు అని తప్పుకుంది, కోపంతో కాదు, అలసిపోయింది. ఇప్పుడు ఇద్దరు సభ్యులు ఆదివారాలు ఒక్కో డ్రెస్ ఫొటో తీసి నంబర్ వేసి కొలతలు రాస్తున్నారు, ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి చెప్తోంది, సగం కూడా కాలేదు. అందుకే వచ్చే ఏడాదికి ఎంచుకున్న రెండు నాటకాల్లో ఒకదాన్ని నటులు ఇంట్లో ఉన్న బట్టలతోనే వేసుకోగలిగేలా చూసి తీసుకున్నారు, తేదీలు పెట్టే ముందు స్టేజ్ మేనేజర్‌ని, లైటింగ్ ఆయన్ని కమిటీ మీటింగ్‌కి పిలిచారు.